అట్ట చాటున ఒక్క నిమిషం

గోదావరి భద్రాచలం వీధుల్లోకి వచ్చిన ఏడు ఉందే, దాని తర్వాత మూడో ఎండాకాలంలో జరిగింది ఇది. ఆ వరదప్పుడు ఇల్లందు నుంచి ప్రార్థనా మందిరం వాళ్ళు లారీలో పులిహోర పొట్లాలు పంపారు. మూడు రోజులు పొయ్యి దగ్గర నిలబడి వండింది జోజమ్మ. ఎవరైనా అడిగితే ఆమె భర్త ఆదాము "మేం వండి పంపినం" అని చెప్పేవాడు. జోజమ్మకు కోపం రాలేదు. ఇంట్లో ఏది జరిగినా అట్లా చెప్పడం ఆయనకు అలవాటే.

ఆదాము ముప్పై ఏండ్లు బొగ్గుబాయిలో చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళు రెండూ అరిగాయి. రోజూ సాయంత్రం వరండాలో మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. జోజమ్మ ఆముదం వెచ్చచేసి పట్టించేది. సరిగ్గా అదే వేళకు బసవపున్నయ్య వచ్చేవాడు. ఆయనా ఆ బాయిలోనే చేశాడు. యూనియన్ మనిషి, దేవుణ్ణి నమ్మడు, ఆదామును మాత్రం ఒక్కరోజు చూడకుండా ఉండలేడు. ఇద్దరికీ రోజూ ఒకటే పంచాయితీ. సర్కారు.

ఆదాము పోయే మందిరం వాళ్ళు ఓటు వెయ్యరు. ఊళ్ళో మిగతా చర్చిల వాళ్ళంతా వేస్తారు, ఈ నలభై గడపల వాళ్ళు వెయ్యరు. తమ రాజు పైన ఉన్నాడని, కింద ఇంకో రాజును ఎన్నుకునే పని తమకు లేదని వాళ్ళ నమ్మకం. ఆదాము దానికి తన సొంత మాట ఒకటి కలిపాడు. ఏ మనిషి మీదా ఇంకో మనిషికి పెత్తనం లేదంటాడు.

"పెన్షన్ ఎవరిస్తుండ్రు ఆదామన్నా? గబ్రియేలు దూత మనియార్డర్ పంపుతుండా?" అనేవాడు బసవపున్నయ్య.

"అది నా చెమట. భిక్షం కాదు."

"మరి రోడ్డో?"

"రోడ్డు లేనప్పుడు గూడా నడిచిన. కాళ్ళు దేవుడిచ్చిండు."

"ఇచ్చిన కాళ్ళను చూస్తున్నగా, వదిన ఆముదం రాస్తే తప్ప లేవవు. అన్నా, నలుగురం కలిసి ఒక మాట మీద ఉంటేనే సర్కారు. అది లేకుంటే బలమున్నోడిదే రాజ్యం."

"నలుగురు కలిసి నా ఒక్కని నెత్తిన కూసునుడే సర్కారు. నన్ను ఏలుకోండ్రి అని నేనెప్పుడు సంతకం పెట్టిన? ఏదీ, కాగితం చూపియ్యి!"

ఇక్కడికొచ్చేసరికి బసవపున్నయ్య బీడీ వెతుక్కునేవాడు. జోజమ్మ మాత్రం నూనె చేతులతో ఆ మాట దగ్గరే ఆగిపోయేది. సంతకం. తనైతే పెట్టింది. పెండ్లినాడు రిజిస్టర్లో, అందరూ చూస్తుండగా, ఇక్కడ పెట్టమ్మా అంటే అక్కడ పెట్టింది. అందులో ఏం రాసుందో చదవలేదు. ఏమని రాసుంటారు? తెల్లవారుజామున నల్లా దగ్గర బిందెలు నువ్వే పెట్టాలని రాశారా? కూతురు అక్సా పెండ్లికి ఎవరెవరిని పిలవాలో నిన్ను అడగరని రాశారా? కూరలో ఉప్పు తక్కువైతే కంచం పక్కకు నెట్టి, నోటితో ఒక్క మాటా అనకుండా లేచిపోయే హక్కు ఆయనకుందని రాశారా? ఆయన చెడ్డవాడు కాదు. ఒక్కనాడు చెయ్యి ఎత్తలేదు, తాగలేదు. ఆ మాటే అందరూ అంటారు, నీకేం తక్కువ జోజమ్మా అని. తక్కువేమిటో ఆమెకూ చెప్పడం రాదు. ఆయనకు పైన ఎవరూ వద్దు. కింద మాత్రం ఒకరు కావాలి.

ఆ చైత్రంలో ఓట్లు దగ్గరపడ్డాయి. ఒకరోజు బసవపున్నయ్య ఉన్నట్టుండి ఇటు తిరిగాడు. "వదినా, నువ్వేమంటవ్? ఇన్నేండ్ల సంది వింటున్నవ్ గదా, ఒక్క మాట చెప్పు."

జోజమ్మ నోరు తెరిచింది. నిజంగానే చెప్పాలనుకుంది.

"ఆమెదేముంది," అన్నాడు ఆదాము. "నేను వెయ్యనంటే మా ఇంట్ల వెయ్యనట్టే. నువ్వు మాట మార్చకు. రోడ్డు సంగతి చెప్పు."

ఇద్దరూ మళ్ళీ రోడ్డు దగ్గరికి పోయారు. తెరిచిన నోరు మూసుకుని జోజమ్మ రెండో మోకాలు పట్టింది.

ఆమె ఓటు ఒక్కసారి వేసింది. పెండ్లికి ముందు, నేలకొండపల్లి దగ్గర పుట్టింట్లో. వాళ్ళది క్యాథలిక్ ఇల్లు, ఓటుకు అడ్డు లేదు. ఇరవై రెండేండ్లుంటాయి అప్పుడు. నాయిన పెద్ద రైతు దగ్గర పాలేరు. ఆ రైతు ఏ గుర్తు చెబితే దానికి నాయిన తల ఊపేవాడు. బడి దగ్గర లైన్లో నిలబడ్డప్పుడు చెవిలో చెప్పాడు, "బిడ్డా, లోపల నిన్ను ఎవడూ చూడడు. నేను గూడ చూడను." లోపలికి పోయింది. బల్ల మీద అట్ట అడ్డం పెట్టారు. చేతిలో కాగితం, ముద్ర. ఎవరూ చూడటం లేదు. అమ్మ చూడటం లేదు, పెద్ద రైతు చూడటం లేదు. నీకేం కావాలని ఒకరు అడిగి, అడిగినవాళ్ళు పక్కకు తప్పుకుని నిలబడటం ఆమె బతుకులో అదే మొదలు. ఒక్క నిమిషం. ఇరవై ఆరేండ్లుగా ఆ నిమిషం మీద ఆశ చావలేదు. స్నానాల గదిలో తలుపు వేసుకున్నప్పుడు కూడా బయటి నుంచి "జోజీ, టవలు ఏదే" అనే పిలుపు వస్తుంది. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడు, మందిరంలో ఆడవాళ్ళు పైకి ప్రార్థించకూడదు కాబట్టి, ఎవరో ఒక మగాయన గొంతు ఆమె తరఫున దేవుడితో మాట్లాడుతూ ఉంటుంది. అట్ట చాటున మాత్రం ఎవరూ లేరు. అంత నిశ్శబ్దం మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

ఈసారి ఓటర్ల జాబితా రాసే టీచరమ్మ వచ్చినప్పుడు ఆదాము ఇంట్లో లేడు. జోజమ్మ ఫోటో ఇచ్చింది. ఓటు చీటీ కూడా వచ్చింది. బియ్యం డబ్బాలో పెట్టింది.

భయం లేక కాదు. ఓటు ఎవరికి వేశామో ఎవరికీ తెలియదంటారు. వేశామని మాత్రం అందరికీ తెలుస్తుంది, వేలిమీద సిరా గీత వారాల తరబడి పోదు. ఆదివారం మందిరంలో ప్రభువు జ్ఞాపకంగా రొట్టె విరిచి పళ్ళెంలో తిప్పుతారు. రెండు చేతులూ చాచి తీసుకోవాలి. అన్నిటికంటే, ఆ రొట్టె చేసేది జోజమ్మే. పదకొండేండ్లుగా ఆదివారం తెల్లవారకముందే లేచి, తలంటుకుని, గోధుమపిండి పిసికి, పులియకుండా కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చేది. ఆ పనికి ఆమెకెవరూ థ్యాంక్స్ చెప్పలేదు. అయినా ఇంటెడు చాకిరీలో ఆమె ఇష్టంగా చేసే పని అదొక్కటే. చేతికింద పిండి మెత్తబడుతుంటే మనసులో ఏదో పాట కదిలేది. మరక వేలు చూస్తే ఆ పని తీసేస్తారు. అది తెలుసు.

ఓట్లనాడు, గురువారం మధ్యాహ్నం, ఆదాము తిని పడుకున్నాడు. జోజమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాటాక వేసుకుంది.

బడి దగ్గర ఆడవాళ్ళ లైన్ పొడుగ్గా ఉంది. ముందు తండా నుంచి వచ్చిన కమ్లి నిలబడింది. "మా ఆయన పొద్దుగాల సంది గుర్తు చెప్తనే ఉన్నడక్కా," అంది గాజులు గలగలమనేలా నవ్వుతూ. "లోపలికి పోయినంక మరిచిపోత. నాకు మతిమరుపు ఎక్కువ."

లోపల ఇప్పుడు కాగితం లేదు, మిషను. ఎడమచేతి చూపుడువేలి మీద సిరా గీశారు, చల్లగా తగిలింది. అట్ట వెనక్కి పోయింది. గుర్తులన్నీ వరసగా ఉన్నాయి. జోజమ్మ మీట నొక్కలేదు. నిలబడింది. ఫ్యాను చప్పుడు వింది. తన ఊపిరి వింది.

"ఏమ్మా, అయిందా?" అన్నాడు ఆఫీసరు.

"కొంచెం ఆగండి సార్."

ఆయన ఆగాడు. లైను ఆగింది. ఆమె కోసం ఇంతమంది ఆగడం ఎప్పుడూ లేదు. ఆ తర్వాత నొక్కింది. కుయ్యిమని ఒక చప్పుడు, అంతే. బయట ఎండ అట్లాగే ఉంది. ఏడుపొచ్చింది, అది సంతోషమో, నిమిషం అయిపోయిందన్న దిగులో తెలియలేదు.

సాయంత్రం ఆముదం గిన్నె పట్టుకున్న వేలు ఆదాము చూశాడు. తిడతాడనుకుంది.

"ఎవరికేసినవ్?" అన్నాడు.

ఆమె చెప్పలేదు.

అన్నం దగ్గర అడిగాడు. పడుకోబోతూ అడిగాడు. సర్కారే వద్దన్న మనిషి, అందులో పెండ్లాం ఎవరిని కూర్చోబెట్టిందో తెలియక మంచం మీద దొర్లాడు. శుక్రవారం బసవపున్నయ్య వచ్చి వేలు చూసి చప్పట్లు కొట్టాడు. "శభాష్ వదినా! మన గుర్తుకే గదా?"

జోజమ్మ అరచేతిలో ఆముదం పోసుకుంది.

"మన గుర్తే గదా?" ఈసారి గొంతు తగ్గింది. "నాకు చెప్పు వదినా, అన్నకు చెప్పన్లే."

"నాకు చెప్పనిది నీకెట్ల చెప్తది?" అన్నాడు ఆదాము. అన్ని సాయంత్రాల్లో మొదటిసారి ఇద్దరూ ఒకవైపు అయ్యారు.

శనివారం పొద్దుగూకే వేళ మందిరం పెద్ద షాలేమ్‌రాజు వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చున్నాడు. ఆదాము మోకాళ్ళ నొప్పితోనే నిలబడ్డాడు.

"ఎవరు పొమ్మన్నరు చెల్లెమ్మా? ఆ యూనియనాయన చెప్పిండా?"

"ఎవరూ చెప్పలే అన్నా. నేనే పోయిన."

ఆయన ఆదాము వైపు చూశాడు, చేలో పడ్డ గేదె ఎవరిదని అడిగినట్టు. తర్వాత మెత్తగా అన్నాడు, "సరే, అయిందేదో అయింది. ఎవరికేసినవో ఆదాముకన్నా చెప్పు. తప్పు ఒప్పుకున్నట్టయితది. రేపు ఎప్పట్లెక్కనే రొట్టె చేసుకరా, ఎవరూ ఏమనరు. భర్త దగ్గర భార్యకు దాపరికం ఏముంటది?"

జోజమ్మకు చేతికింద పిండి గుర్తొచ్చింది. ఆ మెత్తదనం, తెల్లగుడ్డ, ఇంకా వెలుగురాని వంటిల్లు. ఒక్క పేరు చెబితే అదంతా ఉంటుంది. చెప్పడానికి పెదవి కదిలింది కూడా.

"ఉంటది అన్నా," అంది. "ఒక్కటుంటది."

షాలేమ్‌రాజు లేచాడు. "అయితే ఆ మచ్చ పోయేదాక రొట్టె ముట్టకమ్మా. చేసుడు వద్దు, తినుడు వద్దు. వెనక కూసో."

"అట్లనే అన్నా," అన్నాడు ఆదాము, తల వంచుకుని.

ఆయన పోయాక గేటు మూసి వచ్చి జోజమ్మ భర్త ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు. "షాలేమ్‌రాజన్నకు నువ్వెప్పుడు సంతకం పెట్టినవయ్యా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. వెనక కూర్చోనని అప్పుడే అనుకుంది. పోతే తన చోట్లోనే కూర్చుంటుంది, కొంగు చాటు చెయ్యకుండా వేలు ఒళ్ళో పెట్టుకుని. రొట్టె పని పోతే పోయింది. ఆ మాట అనుకున్నాక మాత్రం చేతులు రెండూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తెల్లవారుజామున వంటింట్లో డబ్బా చప్పుడైతే లేచి వెళ్ళింది. ఆదాము కింద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు మడవరావు కాబట్టి కాళ్ళు బార చాపి మధ్యలో బేసిన్ పెట్టుకున్నాడు. నీళ్ళు ఎక్కువయ్యాయి. మోచేతుల దాకా పిండి. ఎట్లాగని అడగలేదు ఆయన. ఆమె చెప్పలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

"రొట్టె ఈ ఇంట్ల నుంచే పోతది," అన్నాడు పిండి మీంచి కళ్ళెత్తకుండా. "నేనే చేసిన అని చెప్త."

ఇంకో గుప్పెడు పిండి వేశాడు. సగం కింద పడింది. కాసేపు పిసికి చేతులు ఆపాడు.

"జోజీ, నా సంగతి నాకెరుకే. నేను మళ్ళ అడుగుత." చేతికంటిన పిండి గీకి బేసిన్‌లో వేశాడు. "అడిగినా చెప్పకు."