వరసలో ఏడో మాట

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇంకో నలభై నిమిషాల్లో ఫ్లోరెన్స్ దుకాణం మూతపడుతుంది.

దుకాణమంటే షట్టరూ బల్లా ఉన్నది కాదు. ఫోనులోది. పలాస జీడిపప్పును ఒక యాప్‌లో అమ్ముతుంది. ఆరు రోజులుగా సరిగ్గా నాలుగింటికి ఎవడో ఒక్క స్టార్ ఇచ్చి, ఒక్క ఇంగ్లీషు మాట రాసి పోతున్నాడు. క్రాపీ. క్రమీ. డాడ్జీ. లౌజీ. రాటెన్. షాడీ. ఆరు పేర్లతో ఆరు తిట్లు. అన్నింటికీ అర్థం ఒకటే: నాసిరకం. ఏడోది పడితే దుకాణం తీసేస్తామని యాప్ వాళ్ళు పొద్దున్నే మెసేజ్ పెట్టారు. తీసేస్తే మళ్ళీ ఫ్యాక్టరీలో పప్పు ఒలవడమే. పదకొండేళ్ళు జీడిరసం కాల్చిన వేళ్ళను ఆమె ఒకసారి చూసుకుంది.

తర్వాత ఆ ఆరు మాటల్నీ పైకి చదివింది. నోరు దానంతటదే రాగం అందుకుంది.

మూడేళ్ళ కిందట కాశీబుగ్గలో దేవదానం మాస్టారి స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు. సరుకు బాగాలేదని చెప్పే మాటలు ఎనిమిది, ఎక్కంలా వల్లె వేయించేవారు. ఇదే వరస! ఎవరు వరస తప్పినా మాస్టారి కన్నా ముందు లేచి దిద్దేవాడు నిరంజన్. ఇప్పుడు బస్టాండు పక్కన జీడిపప్పు షాపు పెట్టాడు.

తిట్టడానికి కూడా సొంత బుర్ర లేదు వెధవకి.

మాస్టారికి సంగతి చెప్పి, ఆటో ఎక్కించుకుని నిరంజన్ షాపుకి వెళ్ళింది. షాపులో ముగ్గురు కొనేవాళ్ళున్నారు. నిరంజన్ కౌంటరు వెనక ఫోను పట్టుకుని కూర్చున్నాడు.

“ఏటి ఫ్లోరెన్సూ, ఇలాగొచ్చావు? యాపారం ఎలగుంది?” అని పళ్ళికిలించి, మాస్టారిని చూసి లేచాడు. “నమస్కారం మాస్టారూ!”

“మీరు నేర్పినవి ఈడు ఎప్పుడో మర్సిపోనాడు మాస్టారూ,” అంది ఫ్లోరెన్స్. “బట్టీ పట్టినోడి బుర్రలో ఏటుంటాది? నిన్న షాడీ అయిపోనాది. ఇయ్యాల ట్రాషీ రాత్తాడు, సూడండి.”

“ట్రాషీ ఏటి?” నిరంజన్ కస్సుమన్నాడు. “షాడీ తర్వాత ట్యాకీ! ట్రాషీ రేపు కదా—”

ఆగిపోయాడు.

మాస్టారు కౌంటరు మీదుగా వంగి అతని చేతిలో ఫోను లాక్కున్నారు. ఫ్లోరెన్స్ దుకాణం పేరు, ఒక్క స్టార్, దాని కింద ట్యాకీ. పంపడమే తరువాయి. నాలుగుకి రెండు నిమిషాలు తక్కువ.

“నా క్లాసులో ఫస్టు నువ్వు. ఎవుడికైనా సెప్పుకోడానికి సిగ్గేత్తంది,” అన్నారాయన.

కొనేవాళ్ళలో సింహాచలమ్మ అనే ఆవిడ చేతిలో ప్యాకెట్టు కౌంటరు మీదకు విసిరింది. “ఆ పిల్ల సరుకు నాను తిన్నాను. గుండు పప్పు, కరకరలాడతాది. నీది ముక్కిపోయి కంపు కొడతంది. నువ్వేటి రాసేది?”

“సరదాకి…” అని గొణిగాడు నిరంజన్.

ఫ్లోరెన్స్ తన ఫోను పైకెత్తింది. రికార్డవుతున్న ఎర్ర చుక్క వెలుగుతోంది. “ఈ సరదా యాపోల్లకి పంపమంటావేటి?”

“వొద్దు, వొద్దు. అన్నీ సెరిపేత్తాను.”

మాస్టారు ఫోను తిరిగి అతని చేతిలో పెట్టారు.

“సెరుపు,” అంది ఫ్లోరెన్స్. “గట్టిగా సదువుతా సెరుపు. వరస తప్పావంటే నానూరుకోను. క్రాపీ కాడ నుంచి మొదలెట్టు.”