చుట్టాల బండి

నేను ఒక బండిని. మంచాలూ పొయ్యీ ఉన్నాయి కాబట్టి ఇల్లన్నా పలుకుతాను. క్యారవాన్ అంటే సినిమావాళ్లు మేకప్ వేసుకునేదని మీరు అనుకోవచ్చు. నాలో ఇంతవరకు ఏ హీరోయినూ అడుగుపెట్టలేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే షెడ్డులో పుట్టాను. అక్కడి మేస్త్రీలు నాకు మంచాలు, గ్యాసు పొయ్యి, సింకు, పక్కకు తిరిగితే మోచెయ్యి గోడకు తగిలే బాత్రూము అమర్చారు. పనంతా అయ్యాక అలవాటు కొద్దీ వెనకాల ‘హారన్ ప్లీజ్’ అని కూడా రాసేశారు.

నన్ను కట్టించుకున్నది గుడివాడలో డాక్యుమెంట్ రైటర్ దివాకరం. జీవితమంతా ఊళ్లోవాళ్ల ఇళ్లకు దస్తావేజులు రాసీ రాసీ ఆయనకు కదలని ఇళ్లంటే విసుగు పుట్టింది. ఆయన భార్య శేషకుమారికి కన్యాకుమారి చూడాలని పెళ్లయిన కొత్తల్లోనే కోరిక. డ్రైవరును కుదుర్చుకుని, కొబ్బరికాయ కొట్టి, ఇద్దరూ బయల్దేరారు. పామర్రు దాటేసరికి దివాకరానికి కడుపులో తిప్పింది. ఉయ్యూరు దగ్గర నా సింకుకు ప్రారంభోత్సవం జరిగింది. ముందుకు వెళ్లే ఓపిక ఆయనకు లేకపోయింది, ఆయన్ని వదిలి వెళ్లే ఆలోచన ఆవిడకు రాలేదు. చీకటి పడకముందే ఇల్లు చేరాం. శేషకుమారి సంచులు దించుకుని, “ఇంకెప్పుడైనా వెళ్లొచ్చులెండి” అని సింకు కడిగింది.

ఊరికే నిలబెట్టడమెందుకని దివాకరం నన్ను అద్దెకివ్వాలనుకున్నాడు. ఇన్సూరెన్సు ఏజెంటు మృత్యుంజయరావు వచ్చి వాకిట్లో కూర్చున్నాడు.

“సొంతానికి వాడుకుంటామని చేయించిన పాలసీ అండీ ఇది. అద్దెకు తిప్పితే చెల్లదు. అద్దె బండ్లకుండే పసుపు నంబరు బోర్డు వేయించి వేరే పాలసీ తీసుకోండి. కొంచెం ఎక్కువవుద్ది, అంతే.”

“అద్దెకెవరిస్తున్నారయ్యా? మా చుట్టాలు తీసుకెళ్తారు,” అన్నాడు దివాకరం.

ఆ రోజు మొదలు నన్ను అద్దెకు తీసుకున్నవాళ్లందరూ ఆయనకు చుట్టాలైపోయారు. సాక్షులకు ఏం చెప్పాలో నేర్పి నేర్పి పండినవాడు కదా, మనిషిని ఎగాదిగా చూసి వరస కలిపేసేవాడు. “మీరు మా మేనత్త కొడుకు. అత్తయ్య పేరు సుందరమ్మ. పోయింది.” ఇంకొకరికి, “మీరు మా బాబాయి అల్లుడు. బాబాయి పోయాడు.” ఆయన చుట్టాల్లో, ఎవరైనా ఫోన్ చేసి అడగగలిగిన ప్రతి మనిషీ పోయినట్టే లెక్క. పోయినవాళ్లను ఎవరూ పిలిచి అడగరన్నది ఆయన వృత్తిలో నేర్చుకున్న సంగతి.

చిక్కల్లా శేషకుమారితో వచ్చింది. చుట్టాలన్నాక ఒట్టి చేతుల్తో ఎలా పంపుతామని, బయల్దేరే ఆడవాళ్లకు బొట్టు పెట్టి, జాకెట్ ముక్క చేతిలో పెట్టి, ఒక సీసా గోంగూర పచ్చడి నా అలమరలో సర్దేది. తిరిగొచ్చాక ఎక్కడికి వెళ్లారు, ఏం చూశారు అని కూర్చోబెట్టి అడిగేది. నన్ను తనే ఊడ్చేది. సముద్రం ఒడ్డుకు వెళ్లొచ్చినప్పుడు మాత్రం చేటలోకి ఎత్తిన ఇసుకను వెంటనే పారబొయ్యకుండా కాసేపు చూస్తూ నిలబడేది. అలాంటప్పుడు దివాకరం మీద నాకు ఒళ్లు మండేది.

ఒక రోజు గుణదల నుంచి ఫిలోమినా, ఆమె భర్త శౌరి వచ్చారు. శౌరి స్కూలు బస్సు డ్రైవరు. ఫిలోమినా మెడలో సిలువ చూసి దివాకరం కాస్త తడబడ్డాడు, కానీ ఎక్కువసేపు కాదు.

“మీ అమ్మ మా ఆవిడకు సొంత చెల్లెలు. ప్రేమించి పెళ్లి చేసుకుని మీ మతంలోకి వెళ్లిపోయింది. అందుకే రాకపోకల్లేవు. సరేనా?”

“మా అమ్మకు పెళ్లిచూపుల్లో మా నాన్న నచ్చనేలేదంటండీ. ఈ మాట వింటే నవ్వుద్ది,” అంది ఫిలోమినా. కానీ వెళ్లేటప్పుడు, “వస్తాను పెద్దమ్మా,” అంది. ఆ పిలుపు శేషకుమారికి బాగా పట్టేసింది. తర్వాత ఫిలోమినా ఒకసారి బండి అక్కర్లేకపోయినా వచ్చి క్రిస్మస్ కేకు ఇచ్చి వెళ్లింది. ఆ రోజు దివాకరం అలవాటుగా అడ్వాన్సు అడగబోయి తమాయించుకున్నాడు.

మరుసటి వేసవిలో వాళ్లు నన్ను మారేడుమిల్లి తీసుకెళ్లారు. తిరుగు ప్రయాణంలో ఘాట్ మలుపులో మేకల మంద అడ్డొచ్చింది. శౌరి స్టీరింగు తిప్పాడు. మనుషులకేం కాలేదు, మేకలకేం కాలేదు. నేను కొండరాతికి రాసుకుపోయాను. వంటింటి వైపు గోడంతా అప్పడమైపోయింది.

ఎలాగో ఇల్లు చేర్చారు. ఇన్సూరెన్సు వస్తే బాగుచేయించొచ్చు, రాకపోతే తుక్కు కింద అమ్ముకోవడమేనని చూసినవాళ్లందరూ తేల్చేశారు. నాకు భయం వేసింది. శేషకుమారికి ఇంకా ఎక్కువ వేసి ఉంటుంది. నేను తుక్కయితే ఆవిడ కన్యాకుమారి కూడా నాతోపాటే తుక్కవుతుంది.

నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చిన రోజు ఫిలోమినానూ శౌరినీ కూడా పిలిపించారు. సర్వేయరు నా చుట్టూ తిరిగి ఫోటోలు తీసి, అరుగు మీద కూర్చుని, మన వైపు పెద్దవాళ్లు అడిగినట్టే అడిగాడు.

“ఈ అమ్మాయి ఎవరి తాలూకండీ?”

“మా ఆవిడ చెల్లెలి కూతురండీ. వాళ్లది ప్రేమ వివాహం,” అన్నాడు దివాకరం.

“అట్టాగా. ఆ చెల్లెలుగారు ఎక్కడుంటారు? ఒక్క మాట ఫోన్లో మాట్లాడతాను.”

దివాకరం తడుముకోలేదు. “ఆవిడ పోయిందండీ, పాపం.”

ఫిలోమినా చెయ్యి మెడలోని సిలువ మీదికి వెళ్లింది. వాళ్లమ్మ అప్పుడు గుండె ఆపరేషనై ఆస్పత్రిలో ఉంది. దివాకరానికి ఆ సంగతి తెలియదు. శేషకుమారికి తెలుసు. ముందు రోజే బస్సెక్కి, కారియర్లో జావ పట్టుకెళ్లి చూసి వచ్చింది. శౌరి తలొంచుకున్నాడు. ఫిలోమినా కళ్లు నిండిపోయాయి గానీ, ఒప్పుకున్న మాట కదా, చేత్తో తుడిచేసుకుంది.

శేషకుమారి కాఫీ పళ్లెం కింద పెట్టింది.

“బతికున్న మనిషిని పట్టుకుని అదేం మాటండీ?” అంది భర్తతో. తర్వాత సర్వేయరు వైపు తిరిగింది. “వాళ్లమ్మ బతికే ఉందండీ. నిండు నూరేళ్లూ ఉంటుంది. నాకసలు తోబుట్టువులే లేరు. వీళ్లు బండి అద్దెకు తీసుకున్నారు.”

సర్వేయరు కాఫీ మొత్తం తాగి, గ్లాసు జాగ్రత్తగా పెట్టి వెళ్లిపోయాడు. క్లెయిము కొట్టేశారు.

“నువ్వు నోరు మూసుకునుంటే సరిపోయేది,” అన్నాడు దివాకరం.

“మీరు మూసుకునున్నా సరిపోయేది,” అంది ఆవిడ.

ఆ సాయంత్రం ఆవిడ వచ్చి నా విరిగిన వంటింట్లో ఒంటరిగా కూర్చుంది. తన ప్రయాణాన్ని తన నోటితోనే పోగొట్టుకుంది. నేను తుక్కుకు పోతానని తెలిసి కూడా నాకు ఆవిడ మీద కోపం రాలేదు. గర్వంగా అనిపించింది.

తుక్కువాడికంటే ముందు శౌరి వచ్చాడు. నన్ను లారీకి కట్టి, నేను పుట్టిన షెడ్డుకే లాక్కెళ్లాడు. ఖర్చెవరిదని దివాకరం అడిగితే, “నడిపింది నేనే కదండీ, సగం నాది,” అన్నాడు. ఆ మాటకు దివాకరం మొదటిసారి సిగ్గుపడి, మిగతా సగం తనే ఇచ్చాడు. పసుపు బోర్డు కూడా వేయించాడు. మృత్యుంజయరావు తెచ్చిన కొత్త పాలసీకి ఆ ‘కొంచెం’ నిజంగానే కొంచెమే ఎక్కువైంది. ఆ కొంచెం కోసం దివాకరం ఎంతమంది మేనత్తల్ని చంపాడో నాకు తెలుసు.

కొత్త పాలసీతో నన్ను మొదట తీసుకున్నది ఫిలోమినా వాళ్లే. వాళ్లమ్మ లేచి తిరుగుతోంది, వేళాంగణి మాతకు మొక్కు తీర్చాలి. అద్దె ముందే కట్టి, ఫిలోమినా గుమ్మంలో నిలబడి, “పెద్దమ్మా, చీరలు సర్దుకో. అక్కణ్ణుంచి కన్యాకుమారి కూడా పోయొద్దాం,” అంది. శేషకుమారి మొగుడి వైపు చూసింది. “వెళ్లిరా. నాకు అన్నం వండుకోవడం వచ్చు,” అన్నాడు దివాకరం. రాదు.

తడ దగ్గర చెక్‌పోస్టులో ఆపారు. అధికారి నా కాగితాలన్నీ చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. లోపలికి తొంగి చూసి, “అద్దె బండేగా? కిటికీ దగ్గర ఆ పెద్దావిడ ఎవరమ్మా?” అన్నాడు.

ఫిలోమినా జవాబు చెప్పేలోపే మంచం మీద పడుకున్న వాళ్లమ్మ లేచి కూర్చుంది.

“మా అక్క, బాబూ,” అంది.

దివాకరం అక్కడ లేడు. ఆ మాట ఆవిడకు ఎవరూ నేర్పలేదు.