అక్క చెప్పిన వైద్యం

అక్క చొక్కాల దుకాణంలో కాలర్లు కుడుతుంది. తమ్ముడు ఇళ్లలో పైకప్పులకు రంగులు వేస్తాడు. పాతికేళ్లుగా ఆవిడ తల వంచి, అతను తల ఎత్తి బతుకుతున్నారు. "మీ ఇంట్లో ఎదురుగా చూసి మాట్లాడేవాళ్లే లేరా?" అని పక్కింటావిడ వేళాకోళమాడేది. ఇద్దరికీ పెళ్లి యోగం లేకపోయింది. రెండు గదుల ఇంట్లో ఒకరికొకరు తోడు.

మెడనొప్పి కూడా ఇద్దరికీ ఉండేది. సాయంత్రం అక్క తువ్వాలును వేడినీళ్లలో ముంచి పిండి, ముందు తమ్ముడి మెడ మీద వేసి, తర్వాత తను వేసుకునేది. తెల్లారేసరికి ఆవిడ నొప్పి సర్దుకునేది. తన మెడ సంగతి తెలుసు గనక వాడిదీ తెలుసనుకుంది.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో తమ్ముడు అన్నాడు.

"వేళ్లు మొద్దుబారుతున్నాయే అక్కా."

"తలగడ ఎత్తెక్కువైంది. తీసేసి పడుకో."

తీసేశాడు. రెండు వారాలకు మళ్లీ నసిగాడు. "కుంచె జారిపోతోందే. చేతిలో ఉందనే అనుకుంటా, చూస్తే కింద ఉంటోంది."

"పని మీద మనసుంటే ఎందుకు జారుతుంది? నాకు లేదా నొప్పి? నేను కత్తెర జారవిడుస్తున్నానా?"

అక్క మాటకు అతను ఏనాడూ ఎదురు చెప్పి ఎరగడు. ఆ తర్వాత నోరెత్తలేదు. గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతుంటే తలుపు వేసుకుని తంటాలు పడేవాడు. మెట్లు గోడ పట్టుకుని దిగడం ఆవిడ చూసింది. వయసు మీద పడుతోందిలే అనుకుంది. నలభై ఆరేళ్లకే అంత వయసేమిటని తోచలేదు.

ఒకరోజు నిచ్చెన మీంచి పడ్డాడని మేస్త్రీ కబురు పెట్టాడు. కుడుతున్న కాలరు మిషను మీదే వదిలేసి ఆస్పత్రికి పరుగెత్తింది. దెబ్బ చిన్నదే. కానీ డాక్టరమ్మ అతన్ని అడుగులో అడుగేసి తిన్నగా నడవమంటే, మూడో అడుగుకే తూలాడు. స్కానింగు చూశాక అక్కను కూర్చోబెట్టింది.

"మెడ ఎముకలు అరిగి వెన్నుపామును నొక్కుతున్నాయమ్మా. ఇది మామూలు మెడనొప్పి కాదు. వేళ్ల మొద్దు, వస్తువులు జారడం, ఈ తూలడం ఎప్పట్నుంచి?"

అక్క వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "తొమ్మిది నెలలు."

డాక్టరమ్మ ఆ మాట కాగితం మీద రాసుకుంది. "ఆపరేషన్‌తో ఇంకా ముదరకుండా ఆపగలం. పోయిన పట్టు ఎంత తిరిగొస్తుందో మాత్రం చెప్పలేను."

ఆపరేషన్ అయింది. నడక కొంత కుదుటపడింది. చేతులు మాత్రం, ఆరు నెలలు రబ్బరు బంతి పిసికినా, కుంచె పట్టేంతగా రాలేదు. ఒకనాడు మేస్త్రీ చూడడానికొస్తే, తమ్ముడే తన కుంచెల సంచీ చూపించి, "ఎవరికైనా పనికొస్తాయి, పట్టుకెళ్లు" అన్నాడు. మేస్త్రీ వీధి మలుపు తిరిగాక అక్క గుమ్మంలోనే కూలబడింది.

"నీ చేతులు పోగొట్టింది నేనేరా. తలగడ తీయమన్న నోటితోనే డాక్టరు దగ్గరికి పద అనుంటే..."

"నేనేమైనా పసివాడినా? నా అంతట నేను వెళ్లొచ్చుగా. భయమేసిందే. ఏమీ లేదని నువ్వంటే ధైర్యంగా ఉండేది. అందుకే నీకే చెప్పేవాణ్ణి."

ఆ మాట ఆవిణ్ణి తిట్టు కన్నా ఎక్కువ కోసింది.

"నువ్వూ చూపించుకో" అని పట్టుబట్టి, తనే వెంట వెళ్లాడు. డాక్టరమ్మ ఆవిడ చేతుల పట్టు, నడక అన్నీ పరీక్షించింది. "మీది కండరాల నొప్పేనమ్మా. గంటకోసారి లేచి తిరగండి, మిషను బల్ల ఎత్తు పెంచుకోండి. మెడకు వ్యాయామాలు నేర్పిస్తాం. తగ్గిపోతుంది."

బయట బెంచీ మీద తమ్ముడు ఎదురుచూస్తున్నాడు.

"ఏమంది?"

"తగ్గిపోతుందట" అంది అక్క. అని, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

"మంచి మాటే కదే" అన్నాడు తమ్ముడు. ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.