అచ్చతెలుగు వీలునామా

టెక్కలిలో తెలుగు పండితుడిగా రిటైరైన సన్యాసిరావు మాస్టారికి పిల్లల్లేరు. పూండి దగ్గర సొంత సంపాదనతో కొన్న జీడితోట ఉంది. దాన్ని మేనల్లుడు త్రినాథరావుకి రాసిస్తానని 1998లో నలుగురిలో అన్నాడు. ఆ మర్నాటి నుంచి త్రినాథరావు మావకి మందులూ, పేపరూ, పాలకోవా మోస్తూనే ఉన్నాడు. మాస్టారి భార్య సుభద్రని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ ఏడే ఒకరోజు త్రినాథరావు మావని స్కూటరెక్కించి, దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. కాగితం సిద్ధంగా ఉంది. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, పైనున్న ఒక్క మాట చదివి కలం కింద పెట్టేశాడు.

"వీలునామా! ఇదెక్కడి భాష?"

"అదేటి మావా, మన వీలు సూసుకుని రాసుకున్నది వీలునామా కాదేటి?"

"ఓరి మూఢుడా! ఆ వీలు వేరు. ఇది ఇంగ్లీషువాడి విల్లు. దాని వెనక పారసీవాడి నామా తగిలించారు. నామా అంటే పత్రం. తల ఒకడిది, తోక ఇంకొకడిది! ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, ఈ సంకరం కింద సంతకం పెట్టను."

"పోనీ మరణశాసనం అని రాయమంటారా?" అన్నాడు రాసే ఆయన.

మాస్టారి మొహం మాడిపోయింది. చావడానికి ఆయనకి అభ్యంతరం ఉందని అంతవరకూ ఎవరికీ తెలీదు. "అమంగళం!" అంటూ లేచిపోయాడు.

అప్పట్నుంచి మాట కోసం వేట మొదలైంది. పలాసలో ఉండే మరో పండితుడు రామూర్తి 'రిక్థపత్రం' అన్నాడు, రిక్థమంటే వారసులకి వచ్చే సొత్తట. త్రినాథరావుకి నోరు తిరగలేదు. అది సంస్కృతమని మాస్టారు కొట్టేసి, తనే ఒకటి పుట్టించాడు. పోయేటప్పుడు ఇచ్చే ఈవి కనక, 'పోకీవి'. పలాసలో జరిగిన ఒక సాహిత్య సభలో దాన్ని చదవగానే రామూర్తి, "పోకిరీ అని వినపడుతోందండీ" అన్నాడు. సభ గొల్లుమంది. ఆ తరవాత ఇద్దరికీ మాటల్లేవు.

"ఏ పేరైనా ఎట్టీ మావా. సంతకం ముక్యం" అని త్రినాథరావు బతిమాలాడు.

"పేరు దొరక్కుండా బారసాల చేస్తావుట్రా?" అన్నాడు మాస్టారు.

2005 వేసవిలో, పనసతొనలు తిని మధ్యాహ్నం పడుకున్న మాస్టారు మరి లేవలేదు. సంతకం మిగిలిపోయింది. కర్మలయ్యాక త్రినాథరావు వకీలుని అడిగాడు. వీలునామా లేకపోతే ఆస్తంతా భార్యదేనన్నాడు వకీలు. త్రినాథరావు పాలకోవా పట్టుకుని మళ్లీ వచ్చాడు, ఈసారి అత్త దగ్గరికి.

"అత్తా, మావ మనసులో మాట నీకు తెల్సు గదా."

"మీ మావకి మాటే దొరకనేదు గదరా. ఏడేళ్లు ఎతికినారు. నువ్వే గదా స్కూటరు మీద తిప్పినావు" అంది సుభద్ర. పాలకోవా మాత్రం లోపల పెట్టింది.

మరుసటేడు జీడిపిక్కలు రాలే రోజుల్లో, ఆమె ఆటో కట్టించుకుని తోటకి వెళ్లింది. కొన్నప్పుడు ఒకసారి చూసిన తోట. చెట్టుచెట్టూ తిరిగి, నీడలో పీట వేయించుకుని పంటకి వేలం పెట్టింది. బేరగాళ్లలో త్రినాథరావూ నిలబడ్డాడు. చుట్టరికం చూసి ధర తగ్గిస్తుందని అతని ఆశ. ఆమె ఎక్కువ పాడిన పలాస జీడిపిక్కల బట్టీవాడికి ఇచ్చేసింది.

"ఎండగుంది. బువ్వ తిని ఎల్రా" అంది మేనల్లుడితో.

త్రినాథరావు తిన్నాడు. మాగాయ బాగుందని కూడా అన్నాడు.