కింద నిలబడే మనిషి

"నువ్వెలాగూ ఎక్కవు కదా, ఇవి పట్టుకో" అంటూ భర్త తన కళ్లజోడూ ఫోనూ గడియారమూ తీసి ఆమె చేతిలో పెట్టాడు. మరిది తన సంచీ ఆమె భుజానికి తగిలించి, చెప్పులు విప్పి ఆమె కాళ్ల దగ్గరే వదిలాడు. కూతురు టోపీ తీసి తల్లి నెత్తిన పెట్టింది. అమ్యూజ్‌మెంట్ పార్కులోకి వచ్చి కాసేపైనా కాలేదు, ఆమె అప్పుడే బట్టలు తగిలించే కొయ్యలా తయారైంది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, తినడానికి కట్టి, నీళ్ల సీసాలు నింపి, ఇంటికి తాళం వేసిందీ ఆ చేతులే. పక్కన బెంచీ మీద అత్తగారు ఎప్పటిలాగే చేతులు ఒళ్లో పెట్టుకుని, మాటా పలుకూ లేకుండా కూర్చున్నారు.

ఆమెకు రోలర్‌కోస్టర్ అంటే భయం. ఆ భయానికీ ఆమె చదువుకీ ఏ పొత్తూ లేదు. హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతుంది. నీళ్లు నింపిన బకెట్‌ను తల మీదుగా గిరగిరా తిప్పి, చుక్క ఒలక్కుండా కిందికి దించుతుంది. పిల్లలు బల్లలు చరుస్తారు. అందుకే స్కూల్లో ఆమె పేరు బకెట్ టీచర్. తలకిందులైన బండిలోంచి మనిషి ఎందుకు పడిపోడో బోర్డు మీద లెక్కగట్టి చూపించగలదు. అయినా ఆ బండి ఆయాసపడుతూ పైకెక్కి, కొసన ఒక్క క్షణం ఆగినట్టు కనబడితే చాలు, ఆమెకు ఒకటే ఊహ. అందరి ఒళ్లో అడ్డంగా బిగించిన కడ్డీ గట్టిగానే ఉంటుంది, తనది మాత్రం ఊడిపోతుంది. తనదే ఎందుకు ఊడాలీ అంటే జవాబు లేదు. జవాబు దొరికితే అది భయం ఎందుకవుతుంది?

పెళ్లయిన కొత్తలో ఓసారి ఆయన "నేనున్నాగా!" అని చెయ్యి పట్టి లాక్కెళ్లి ఎక్కించాడు. కళ్లు మూసుకుని గొంతు చిరిగేలా అరిచి, కిందికి రాగానే ఆయన కొత్త చొక్కా మీద వాంతి చేసుకుంది. ఆ చొక్కా ఎప్పుడో మసిగుడ్డ అయిపోయింది కానీ ఆ కథ మాత్రం పాతబడలేదు. ఇంటికి ఎవరొచ్చినా ఆయన లేచి నిలబడి, ఆమె కేకలు తను వేసి మరీ చూపిస్తాడు. ఆమె వంటింట్లోంచి టీ కప్పులు తెస్తూ, నవ్వాల్సిన చోటికి సరిగ్గా అందుకుని నవ్వుతుంది. నవ్వకపోతే "మీ ఆవిడకి సరదా తెలీదోయ్" అంటారు. అలా ఆ నవ్వు కూడా ఇంటిపనుల్లో ఒకటైపోయింది. స్కూల్లోనూ అంతే. విహారయాత్ర రోజున హెడ్మాస్టరు "మీరెలాగూ ఎక్కరు కదా మేడమ్" అని పిల్లల సంచులన్నీ ఆమెకు అప్పజెబుతాడు. మిగతా టీచర్లు ఆడుకుని వచ్చేదాకా ఆమె సంచుల మధ్య కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంది. తన భయం ఇంతమందికి ఇంతలా పనికొస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"వదినా, అన్నయ్య ఇవాళ పాత చొక్కానే వేసుకొచ్చాడు. ధైర్యంగా ఎక్కొచ్చు!" అన్నాడు మరిది.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"ఈసారి మా అమ్మాయి ఎక్కుతుంది. ఎత్తు సరిపోయింది" అన్నాడు భర్త, కూతురి వీపు తడుతూ.

"నేనేం అమ్మలా పిరికిదాన్ని కాదు" అంది కూతురు.

ఆ మాట ఆమెకు ఎక్కడో చురుక్కుమంది. ముగ్గురూ ఇనుప మెట్లెక్కి, పైన బండి ఆగే చోట లైన్లో నిలబడ్డారు. ఆమె కింద నుంచి కూతుర్నే చూస్తోంది. పైన బండి రయ్యిమని వెళ్లినప్పుడల్లా ఆ పిల్ల భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. తండ్రి ఏదో జోకు వేశాడు. పిల్ల వెంటనే, సరిగ్గా నవ్వాల్సిన చోట, పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

ఆ నవ్వును ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. అది తనది. పిల్లకు తన భయం వచ్చినా బాధపడేది కాదు. తన నవ్వు వచ్చేసింది.

చేతిలో ఉన్నవన్నీ బెంచీ మీద కుప్పపోసింది. పట్టాల కింద నుంచి నడిచి, ఆ ఇనుప మెట్లెక్కడం మొదలుపెట్టింది. బండి వెళ్లినప్పుడల్లా మెట్లు అదిరి, ఆ అదురు పాదాల్లోంచి పళ్ల దాకా పాకుతోంది. కమ్మీ పట్టుకున్న అరచేయి చెమటకి జారింది. ఆమె ఆగలేదు.

"అమ్మా, లైన్లో రావాలి" అన్నాడు పైనున్న ఉద్యోగి.

"ఎక్కడానికి కాదు బాబూ" అని కూతురి దగ్గరికి వెళ్లింది. "నీకు ఎక్కాలని ఉందా?"

"ఇదిగో, దాన్ని కూడా నీలా తయారుచెయ్యకు" అన్నాడు భర్త.

ఆమె ఆయన వైపు చూడలేదు. కూతురు తల వంచుకుంది. "దిగిపోతే నా మీద కూడా కథ చెబుతారు కదమ్మా" అంది.

"చెప్పరు" అంది ఆమె. అప్పుడు భర్త వైపు తిరిగింది. "నాది కూడా ఇంక చెప్పరు."

"అబ్బ, ఏదో సరదాకి అంటాం!"

"మీకు సరదా. నాకెప్పుడూ నవ్వు రాలేదు."

"అదేంటి, ఇన్నేళ్లూ నవ్వావుగా?"

"నవ్వాను. ఇంక నవ్వను."

చుట్టూ ఉన్నవాళ్లు చెవులు రిక్కించడం చూసి ఆయన చొక్కా కాలరు సర్దుకున్నాడు. మరిది గోడ మీద రాసిన జాగ్రత్తలన్నీ శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. కూతురు తల్లి చెయ్యి అందుకుంది. ఇద్దరి అరచేతులూ తడిగానే ఉన్నాయి.

వాళ్లు మెట్ల వైపు తిరిగేసరికి, వెనక నిలబడ్డ మీసాల పెద్దమనిషి, ఇంతెత్తు మనిషి, గొంతు తగ్గించి, "కాస్త ఆగండమ్మా, నేనూ దిగుతాను" అన్నాడు.

కూతురు మొదట ఆయన్ని చూసింది, తర్వాత తల్లిని చూసింది. అంతే, ఇద్దరికీ నవ్వాగలేదు. ఆయన కూడా నవ్వేశాడు. మెట్లన్నీ నవ్వుకుంటూనే దిగారు. కింద నేల మీద కాలు పెట్టేసరికి ఆమెకు ఇన్నాళ్లుగా గుండెల మీద పెట్టుకున్న బరువేదో తీసి పక్కన పెట్టినట్టు ఊపిరి పూర్తిగా ఆడింది. భయం పోలేదు. పోకపోయినా ఫరవాలేదనిపించింది, అంతే.

"ఏమైందమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"మాకు భయమేసింది అత్తయ్యా. వచ్చేశాం" అంది ఆమె, దాచకుండా.

అత్తగారు పైకి చూశారు. బండి కొసకి చేరి, ఆగినట్టే ఆగి, ఒక్కసారిగా జారింది. ఆవిడ కళ్లు దాని వెంటే మెలికలు తిరిగి, గుండ్రంగా చుట్టుకుని, కిందికొచ్చాయి. మొహంలో ఎక్కడా బెదురు లేదు.

"నాకెప్పుడూ భయం లేదమ్మా" అన్నారు మెల్లగా. "ఎక్కుతావా అని ఎవరూ అడగలేదు."

ఇన్నేళ్లుగా పక్కపక్కన కూర్చున్నా, అత్తగారు కూడా తనలాగే భయపడి ఆగిపోయారనుకుంది ఆమె. అడగనివాళ్లలో తనూ ఉంది.

"ఎక్కుతారా అత్తయ్యా?"

ఆ ప్రశ్న పూర్తికాకముందే అత్తగారు లేచి నిలబడ్డారు.