గోడ లోపల ఏముందో

పెద్దావిడ కూతురి సంచి సర్దుతోంది. ఆరు జతల బట్టలు, రెండు తువ్వాళ్ళు, జ్వరం మాత్రలు, సూదీ దారం. పెట్టింది తీస్తోంది, తీసింది మళ్ళీ పెడుతోంది. మనిషి కదిలేలోగా సంచి కదలకూడదన్నట్టుగా ఉంది ఆవిడ వరస.

"అమ్మా, నేను వెళ్ళేది ఆరు వారాల శిక్షణకి. అరణ్యవాసానికి కాదు," అంది కూతురు.

"వెళ్ళేవాళ్ళకేమే! గుమ్మం దాటేదాకానే బెంగ. ఉండేవాళ్ళకి రోజంతా ఆ గుమ్మమే."

కూతురు ఆసుపత్రిలో రక్త పరీక్షలు చేసే పని నేర్చుకుంది. ఈ శిక్షణ పూర్తి చేస్తేనే ఉద్యోగం ఖాయమవుతుంది. నాలుగు గంటలకు రైలు. అప్పటికి పదకొండయింది.

పిల్లలున్న ఇంట్లో చప్పుడుకన్నా నిశ్శబ్దానికే ఎక్కువ భయపడాలి. పక్క గదిలో రెండేళ్ళ మనవరాలి అలికిడి ఆగిపోయింది. ఇంటిల్లిపాదీ తుఫాను అని పిలుచుకునే పిల్ల అది. పెద్దావిడ చేతిలో తువ్వాలు వదిలేసి పరిగెత్తింది.

గుమ్మంలోకి రాగానే కనబడింది. నిలువెత్తు సొరుగుల బీరువాకి కింది మూడు సొరుగులూ లాగి, వాటినే మెట్లు చేసుకుని రెండో దాని మీద నిలబడి ఉంది తుఫాను. పై సొరుగు అంచు పట్టుకుని ఊగుతోంది, నవ్వుతోంది. బీరువా ముందుకు వంగుతోంది. దాన్ని గోడకి పట్టి ఉంచాల్సిన ఇనప పట్టీ ఊడి వేలాడుతోంది. దాని స్క్రూ చుట్టూ తెల్లటి పొడి.

పెద్దావిడ భుజం అడ్డం పెట్టింది. ఆవిడ కేకకి అల్లుడు వచ్చి ఒక చేత్తో పిల్లని లాక్కుని, రెండో చేత్తో బీరువాని వెనక్కి నెట్టాడు. అంతా రెప్పపాటులో అయిపోయింది. పిల్ల మాత్రం ఆట చెడగొట్టారని గుక్కపట్టి ఏడ్చింది.

"పోయిన ఆదివారమే నాలుగంగుళాల స్క్రూ వేశానత్తయ్యగారూ! ఏనుగును కట్టేసినా కదలదనుకున్నాను," అన్నాడు అల్లుడు.

"ఏనుగైతే బుద్ధిగానే నిలబడుతుంది. మీ కూతురు నిలబడుతుందా?" అంది వెనకాలే పరిగెత్తుకొచ్చిన అతని భార్య. ఆ మాట అన్నదే గాని, అక్కడి మంచం మీద కూలబడిపోయింది. "నేను వెళ్ళను. ఈ గదిలో దీన్ని వదిలి ఎలా వెళ్ళను?"

"ఇంతకంటే లావు స్క్రూ తెచ్చి అదే కన్నంలో..." అంటూ లేచాడు అల్లుడు.

"ఆగు నాయనా. తెలియని చోట బలం చూపిస్తే బలమే దండగ. వీధి చివరి మేస్త్రిని పిలుచుకురా," అంది పెద్దావిడ.

అరగంటలో వచ్చాడు మేస్త్రి. అరవై దాటినవాడు. చేతిసంచి కింద పెట్టాడు గాని డ్రిల్లు బయటికి తియ్యలేదు. గోడకి చెవి ఆనించి, వేలి కణుపుతో కొట్టుకుంటూ నాలుగడుగులు నడిచాడు. వైద్యుడు రోగి వీపు మీద తట్టి వింటాడే, అలాగే. తుఫాను నోరు తెరుచుకుని చూసింది.

"అమ్మగారూ, మీరూ కొట్టండి. ముందు ఆ వీధి వైపు గోడ."

ఆవిడ కొట్టింది. గట్టిగా, పొట్టిగా పలికింది. వేలు నొప్పెట్టింది.

"అది ఇటుక. ఇప్పుడు వంటింటి వైపు."

ఒకచోట గట్టిగా, జానెడు దూరంలో కాస్త బోలుగా పలికింది.

"అది సిమెంటు దిమ్మె. లోపల గుల్ల. ఇప్పుడు బీరువా వెనకాలది."

డబడబమని అట్టపెట్టెలా మోగింది గోడ.

"ఇది జిప్సం బోర్డు, రెండు అట్టల మధ్య తెల్లపొడి అదిమి చేసిన పలక. పెద్ద గదిని రెండు చేయడానికి ఇంటి యజమానులు మధ్యలో నిలబెట్టించారు. బోర్డు వెనక ఖాళీ. బాబు వేసిన స్క్రూ నాలుగంగుళాలదే. పట్టుకున్నది మాత్రం అరంగుళమే, మిగతాది గాల్లో ఉంది."

పెద్దావిడ విస్తుపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆవిడ ఆ గోడకే వీపు ఆనించి పుస్తకాలు చదువుకుంటోంది. మూడింటికీ ఒకే రంగు, ఒకే నునుపు. లోపల మూడూ మూడు జాతులు!

మేస్త్రి సంచిలోంచి దారానికి కట్టిన చిన్న అయస్కాంతం తీసి గోడ మీద మెల్లగా జార్చాడు. జారుతూ జారుతూ ఒకచోట అది టక్కున అతుక్కుని నిలబడిపోయింది. అక్కడ మేకు లేదు, మచ్చయినా లేదు. పెన్సిలుతో గుర్తు పెట్టి ఇంకాస్త కిందికి జార్చాడు. మళ్ళీ నిలబడింది. మళ్ళీ గుర్తు. గుర్తులన్నీ ఒకే నిలువు గీత మీదికి వచ్చాయి.

"బోర్డుని బిగించిన స్క్రూలమ్మా ఇవి. ఈ గీత వెనకాల నిలువు చెక్క ఉంది. గోడకి వెన్నెముక అదే. పట్టుకుంటే దాన్నే పట్టుకోవాలి."

పెద్దావిడ ఆ గీత మీద వేలు పెట్టి చూసింది. కనబడని ఎముకలు ఈ మనిషి వేళ్ళకి కనబడుతున్నాయి!

రెండో చెక్క కూడా దొరికింది. బీరువాని బెత్తెడు పక్కకి జరిపించి, సన్నని డ్రిల్లుతో కన్నం చేశాడు. మొదట తెల్లపొడి రాలింది, కాసేపటికి లేత గోధుమరంగు రజను వచ్చింది. "చెక్క తగిలింది," అన్నాడు మేస్త్రి. "డ్రిల్లు రాల్చే పొడి అబద్ధం చెప్పదు బాబూ. ఎర్రపొడి వస్తే ఇటుక. అందులో ప్లాస్టిక్ ప్లగ్గు దిగ్గొట్టి స్క్రూ వెయ్యాలి. రెండిటుకల మధ్య సందులో కాదు, ఇటుక నడుమ. బూడిదరంగు వచ్చి డ్రిల్లు ఉన్నట్టుండి లోపలికి దిగబడితే గుల్ల దిమ్మె. దానికి లోపలికెళ్ళి గొడుగులా విచ్చుకునే ప్లగ్గులుంటాయి, బరువుకు తగ్గవి అడిగి తెచ్చుకోవాలి."

ఒకటి కాదు, అటొకటి ఇటొకటి రెండు పట్టీలు వేశాడు. బీరువా వెనక రేకంత పల్చని చెక్కకి కాకుండా, పైనున్న దళసరి చట్రానికి బిగించాడు. బరువైనవన్నీ కింది సొరుగుల్లోకి మార్పించాడు. అప్పుడు సొరుగులన్నీ బయటికి లాగి, పై అంచు పట్టుకుని తన బరువంతా వేసి వేలాడాడు. బీరువా కిమ్మనలేదు. అల్లుడూ వేలాడి చూశాడు. గోడలో మొలిచిన చెట్టులా నిలబడింది అది.

కూతురు కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది. "వెళ్ళొస్తానమ్మా," అంది నెమ్మదిగా.

పెద్దావిడ ఇంకా ఆ గోడనే తడుముతోంది. "ఇంత విద్య నీకెవరు నేర్పారయ్యా?"

మేస్త్రి అయస్కాంతం దారాన్ని వేలికి చుట్టుకున్నాడు.

"అప్పటికే పదిహేనేళ్ళుగా ఇటుకలు పేర్చినవాణ్ణమ్మా. కొత్త వాటాలోకి మారినప్పుడు నా ఇంటి గోడని నేను కొట్టి చూసుకోలేదు. ఊళ్ళోవాళ్ళ గోడలన్నీ నా చేతిమీదుగా లేచాయి, నా గోడ నాకు తెలియదా అనుకున్నాను. బీరువా పట్టీకి, ఇటుకలో వేసే ప్లగ్గే బోర్డులో వేశాను. పదకొండు రోజులు ఆగింది. నేను పనికి బయటికెళ్ళాను. మా అమ్మాయి మూడేళ్ళది. పై సొరుగులో రంగుపెన్సిళ్ళున్నాయని ఎక్కింది."

అల్లుడు పిల్లని గుండెకి అదుముకున్నాడు.

"అందుకే ఎవరు పిలిచినా అన్నం ముందున్నా లేచి వస్తాను," అన్నాడు మేస్త్రి. "పైకి కనబడేది రంగేనమ్మా. లోపల ఏముందో తెలుసుకున్నాకే గోడకి బరువు అప్పజెప్పాలి. తెలియకపోతే తెలిసినవాణ్ణి పిలవాలి, అందులో నామోషీ లేదు. నాకే లేనప్పుడు మీకెందుకు?"

చదువుతున్న తల్లులారా, తండ్రులారా! తలుపులకు గొళ్ళేలు పెట్టుకుంటాం, నగలకు తాళాలు వేసుకుంటాం. మన బీరువా, మన పుస్తకాల అర, మన టీవీ బల్ల దేన్ని పట్టుకుని నిలబడ్డాయో ఎన్నడైనా చూశామా? పిల్లలకి సొరుగు మెట్టే, అర నిచ్చెనే. వాళ్ళు ఎక్కుతారు. ఎక్కకముందే మనం లేచి గోడని తట్టి చూడాలి.

మేస్త్రి కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ పిల్ల ఇంటికి తిరిగి రాలేదు. ఆ బీరువా ఒరిగింది పద్దెనిమిదేళ్ళ కిందట, ఒక మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నరకి.