అరగంట బతికిన బిడ్డ

వసంతకుమార్ మంచివాడే గానీ ఆఫీసు కాగితమంటే వాడికి వణుకు. ఒకటి అడిగితే పది ఇస్తాడు. ఏది తక్కువైతే ఎక్కడ వెనక్కి పంపేస్తారోనని భయం. పెళ్లాం దీవెన ఇన్సూరెన్సుకు అర్జీ పెట్టినప్పుడూ అంతే. ఆసుపత్రి చీటీలతో పాటు ఆధార్, రేషన్ కార్డు, పెళ్లి ఫోటో, ఆఖరికి చర్చిలో ఇచ్చిన బిడ్డ సమాధి సర్టిఫికెట్ కూడా కట్టగట్టి పంపాడు. ఆ సర్టిఫికెట్ పంపమని వాణ్ణి ఎవరూ అడగలేదు. కొంప ముంచింది అదే.

దీవెన కోడుమూరులో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చెప్పేది. బడివాళ్లు టీచరమ్మలందరికీ కలిపి పెద్ద జబ్బుల పాలసీ ఒకటి కట్టారు. గుండెకు, క్యాన్సరుకే కాదు, కాన్పులో ప్రాణం మీదికి వచ్చినా, ఏడో నెల దాటాక బిడ్డ కడుపులోనే పోయినా డబ్బు వస్తుందని అందులో రాసుంది. అలాంటి రాత తమకు అక్కరకొస్తుందని ఎవరనుకుంటారు? ఎనిమిదో నెలలో దీవెనకు బీపీ పెరిగి ఫిట్సు వచ్చాయి. కర్నూలు తీసుకుపోయేసరికి ఒంటి మీద తెలివి లేదు. మూడో రోజు కళ్లు తెరిచింది. బిడ్డ దక్కలేదు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఆలస్యం చేయకుండా హైదరాబాదులో చూపించండి అన్నాడు డాక్టరు. నాలుగు నెలలైంది. ఆ పాలసీ డబ్బు వస్తే పోదామని ఇంటిల్లిపాదీ కూర్చొని ఉన్నారు. ఈలోగా దీవెన కాళ్లు వాచిపోతూనే ఉన్నాయి.

డబ్బు రాలేదు గానీ విచారణకు శివజ్యోతి వచ్చింది. కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే పిల్ల. కర్నూలు నుంచి రెండు బస్సులు మారి, ఎండలో నడిచి, చర్చి వసారాలో కూలబడి సగం చెంబు నీళ్లు తాగింది. ఎదురుగా ఏసేపు కూర్చున్నాడు. ఏసేపు వసంతకుమార్ తండ్రి. రెండెకరాల మెట్ట చేను, చర్చి పెద్దరికం, ఈ రెండే అతని ఆస్తి. సంఘంలో ఎవరు చనిపోయినా సమాధుల పుస్తకంలో రాసేది అతనే.

"పెద్దాయనా, ఆసుపత్రి కాగితంలో బిడ్డ కడుపులోనే పోయినాడని ఉండాది. మీ చర్చి కాగితంలో అరగంట బతికినాడని ఉండాది. రెండు కాగితాలు రెండు మాటలు చెప్తే కంపెనీ ఏదీ ఇయ్యదు. ఏది నిజం?"

ఇవాళ కాకపోతే రేపు ఈ మాట ఎవరో ఒకరు అడుగుతారని ఏసేపుకు తెలుసు. నాలుగు నెలలుగా కాచుకొని కాచుకొని అలిసిపోయాడు కూడా.

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఊపిరి పీల్చిన బిడ్డకే పేరు, బాప్తిస్మం, పుస్తకంలో ఒక వరస, సమాధుల తోటలో రెండడుగుల నేల. ఊపిరి లేకుండా పుట్టిన బిడ్డను పాత గుడ్డలో చుట్టి, పాట లేదు ప్రార్థన లేదు, ఊరవతల పారే వంక గట్టున పూడ్చి రావాలి. ఏ కాలంలో ఏ పాస్టరయ్యగారు పెట్టాడో ఎవరికీ తెలియదు. ఇప్పటి అయ్యగారు నాలుగు ఊళ్లు చూసుకుంటూ నెలకు రెండు ఆదివారాలు వస్తే గొప్ప, ఆయనకు ఈ సంగతే పట్టదు. పట్టుబట్టి కాపాడుతూ వచ్చింది ఏసేపే. "బిడ్డ ఏడ్చినాడామ్మా?" అని బాలింతను అడగడం, లేదంటే పుస్తకం మూసేయడం. కాళ్లు పట్టుకున్నవాళ్లున్నారు. శాపనార్థాలు పెట్టినవాళ్లున్నారు. దేవుని పుస్తకంలో అబద్ధం రాయమంటారా అని కసిరి పంపేవాడు పెద్దమనిషి.

తనదాకా వస్తే గానీ తెలియదంటారు. కర్నూలు నుంచి ఆటోలో ఆ చల్లటి మూటను ఒళ్లో పెట్టుకొని వచ్చింది ఏసేపే. దారిలో ఒకసారి గుడ్డ తీసి చూశాడు. తలనిండా నల్లటి జుట్టు. ఆటోవాడు వంక దగ్గర ఆపమంటావా అని అడిగితే, చర్చికి పోనీ అన్నాడు. తన చేతులతో గుంత తీశాడు. పుస్తకం తెరిచి, గాబ్రియేలు, అరగంట బతికెను, బాప్తిస్మమిచ్చినది ఏసేపు అని రాశాడు. కంచే చేను మేసింది. రాసింది ఏసేపు కాబట్టి ఊళ్లో ఎవరికీ అనుమానం రాలేదు.

రాసి ఊరుకున్నా బాగుండేది. కళ్లు తెరిచిన కోడలు "బిడ్డ యాడ మామా?" అంటే తలనిండా వెంట్రుకలనీ, అరగంట బతికినాడనీ ఆమెకూ చెప్పాడు. ఆ పిల్ల ఆ అరగంటను పట్టుకొని బతికింది. ఏడ్చినాడా అని ఒకరోజు, కళ్లు తెరిచినాడా అని ఇంకోరోజు. ఏడ్చినాడు పాపా. తెరిచినాడు పాపా. నా వేలు పట్టుకున్నాడు పాపా. అరగంటలో పట్టనన్ని పనులు చేయించాడు పాపం ఆ బిడ్డతో.

"ఆసుపత్రి కాగితమే నిజం. చర్చిలో రాసింది అబద్ధం. నేనే రాసినా" అన్నాడు ఏసేపు.

శివజ్యోతి ఆశ్చర్యపోలేదు. అలాంటివి ఎన్ని చూసిందో. "అయితే పుస్తకంలో ఆ మాట కొట్టేసి పక్కన సంతకం పెట్టండి, ఫోటో తీసుకుంటా. దీవెన గారు గూడా బిడ్డ ఊపిరి లేకుండానే పుట్టినాడని రాసి ఇయ్యాల. ఈ పొద్దు ఆరు గంటలకే గడువు. అది దాటితే ఫైలు మూసేస్తారు."

"ఆ పిల్లతో రాయించకుండా కుదరదా?"

"కుదిరితే నేనే అడగను పెద్దాయనా."

పుస్తకం చంకన పెట్టుకొని ఇంటికి నడిచాడు. వెనకాల శివజ్యోతి. పట్టుమని వంద అడుగులు లేవు, మధ్యలో రెండుసార్లు నిలబడ్డాడు. ఇంట్లో భార్య వరమ్మ గడపలో కూర్చొని చింతపండు గింజ తీస్తోంది. దీవెన మంచం మీద కాళ్లు చాపుకొని ఉంది. వసంతకుమార్ గోడకు ఆనుకొని నిలబడ్డాడు. వాడికి నిజం తెలుసు. చెప్పే ధైర్యం వాడికీ లేదు.

ఏసేపు కోడలి ముందు నేల మీద కూర్చున్నాడు. మామ అలా కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఏమైంది మామా?"

"పాపా, బిడ్డ అరగంట బతకలేదు. ఆసుపత్రిలోనే, నీ కడుపులోనే పోయినాడు. నీకు చెప్పిందంతా అబద్ధం."

దీవెన మొగుడి వైపు చూసింది. వాడు తల దించుకున్నాడు.

"ఏడ్చినాడంటివే."

"అబద్ధం పాపా."

"నీ వేలు పట్టుకున్నాడంటివే."

"అబద్ధం."

గింజలు తీసే వరమ్మ చేతులు ఆగిపోయాయి.

"వెంట్రుకలు?" అంది చివరికి దీవెన.

"వెంట్రుకలు నిజం. నల్లగా, శానా ఉండ్య. నేను చూసినా."

అప్పుడు ఏడ్చింది దీవెన. గట్టిగా ఏడ్చే సత్తువ కూడా లేదు ఆమెకు. "నన్ను పిచ్చిదాన్ని చేసినావు మామా. దినామూ అదే తలుచుకొని పండుకుంటాంటి" అంది. ఏసేపు ఆ మాటను తల మీద వేసుకొని కూర్చున్నాడు. కాసేపటికి ఆమే కళ్లు తుడుచుకొని కాగితం ఇమ్మంది. శివజ్యోతి చెబుతుంటే మాట పొల్లుపోకుండా రాసింది. బడిలో పలకల మీద రాసే గుండ్రటి అక్షరాలతోనే రాసి సంతకం పెట్టింది.

"ఇప్పుడు పుస్తకం తెరువు మామా. అరగంట కొట్టేయ్. బాప్తిస్మం కొట్టేయ్. పేరు మాత్రం ముట్టుకోవాకు."

ఏసేపు పెన్ను పట్టుకొని అలాగే ఉండిపోయాడు. "ఊపిరి లేని బిడ్డకు పేరు ఉంచితే, నేను వెనక్కి పంపిన తల్లులంతా వచ్చి అడుగుతారు పాపా. వాళ్లకు ఏం చెప్పేది?"

"అడగనీ" అంది గడపలోంచి వరమ్మ.

భర్త పెద్దరికంలో ఆమె ఏనాడూ వేలు పెట్టలేదు. ఏసేపు ఆమె వైపు చూడకుండానే అరగంట అన్న మాట మీద గీత గీశాడు. బాప్తిస్మం మీద గీశాడు. గాబ్రియేలు అన్న పేరును వదిలేసి, పక్కన సంతకం పెట్టాడు. శివజ్యోతి ఫోటో తీసుకొని, ఫోనులో అక్కడికక్కడే పంపించి, అందిందని చెప్పింది. అప్పటికి అయిదు దాటింది. ఇక నెల లోపల డబ్బు రావచ్చని చెప్పి, బస్సుకు టైమైందని లేచి వెళ్లిపోయింది.

ఏసేపు పుస్తకం మూయబోయాడు.

"మూయాకు. దాని కింద ఇంకొకటి రాయి" అంది వరమ్మ. చేతులకంటిన చింతపండు చీరకు తుడుచుకుంటూ వచ్చి, అతని పక్కన కూర్చుంది. "మన పెండ్లయిన రెండో ఏడు, ఎండాకాలం, గురువారం. పొద్దున పుట్టింది. ఊపిరి లేదని, నాకు మొగం గూడా చూపీకుండా నువ్వే వంక గట్టున పూడ్చొస్తివి."

వసంతకుమార్ నోరు తెరుచుకొని తల్లిని చూశాడు. తనకొక అక్క ఉందని వాడికి ఇంతవరకు తెలియదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే వరమ్మ మరిచిపోయిందనే అనుకున్నాడు ఏసేపు. దీవెన మంచం మీంచి వంగి అత్త భుజం పట్టుకుంది.

"ఆడబిడ్డ అని రాయి" అంది వరమ్మ.

రాశాడు.

"పేరు..." అని ఆగాడు ఏసేపు. ఏదో ఒకటి ఇప్పుడు ఆలోచించి చెబుతుందనుకున్నాడు.

వరమ్మ తడుముకోలేదు. "కరుణ" అంది.

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ పేరు ఏసేపు వినడం అదే మొదటిసారి.